ఒక్క ఓటమితో తీర్పు చెప్పొద్దు



న్యూజిలాండ్ రగ్బీ కెప్టెన్ రిచీ మెక్‌కా రైతు బిడ్డ. పల్లె వదిలి డునెడిన్‌లో హాస్టల్లో ఉండి చదివాడు. 2007 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో అతని జట్టు ఫ్రాన్స్ చేతిలో 20-18తో ఓడింది. ఎన్ని విమర్శలొచ్చినా అతన్నే కెప్టెన్‌గా కొనసాగించారు. 2011 ఫైనల్లో పాదం ఎముక విరిగినా ఆడి, అదే ఫ్రాన్స్‌పై 8-7తో గెలిపించాడు. 2015లోనూ కప్పు గెలిచి రిటైరయ్యాడు. ఆడిన 148 టెస్టుల్లో 110 కెప్టెన్‌గానే!

మన దగ్గర ఇంటర్ తప్పిన తమ్ముడు పెట్టె సర్దుకుని కూలికి పోతున్నాడు. తెలివి లేక కాదు, ఇంకోసారి నమ్మేవాళ్ళు లేక. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కాబట్టి చెబుతున్నాను, ఆ పెట్టె మళ్ళీ హాస్టల్‌కు రావడం చాలా కష్టం. పూర్వ విద్యార్థులం సప్లిమెంటరీ ఫీజు పోగుచేద్దాం. సీనియర్లు రాత్రి ఒక గంట పాఠం చెప్పండి. అతన్ని ఆపుదాం!