ఆ రెండు పాయింట్లు

ఆటోనగర్‌లో నిశ్శబ్దం అరుదు. ఒక షెడ్డులో వెల్డింగు చిటపటలు, పక్క షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు, ఎదురుగా లేతు మిషను రొద... అన్నీ కలిసి ఒకే మోతగా చెవులకు అలవాటైపోతాయి. అలాంటి చోట 2017 ఆగస్టు 27, ఆదివారం పొద్దుపోయాక ఓ లారీ బాడీ షెడ్డులో ఒక్క పనిముట్టూ కదల్లేదు. తెల్లారితే డెలివరీ ఇవ్వాల్సిన లారీ సగం రంగుతో అలాగే నిలబడి ఉంది. పనివాళ్లంతా గోడకున్న చిన్న టీవీ ముందు చేరారు.

గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్. నెట్‌కి ఒకవైపు పి.వి.సింధు. రెండోవైపు జపాన్ అమ్మాయి నొజోమి ఒకుహర.

ఆ షెడ్డు మేస్త్రికి యాభై దాటాయి. జన్మలో బ్యాడ్మింటన్ బ్యాటు పట్టి ఎరగడు. అయినా సింధు మ్యాచ్ అంటే మాత్రం పని పక్కన పెట్టేస్తాడు. ముందు ఏడాది రియోలో వెండి పతకం గెలిచి వచ్చిన సింధుకి విజయవాడలో సన్మానం జరిగినప్పుడు, కూతుర్ని స్కూటర్ మీద ఎక్కించుకుని స్టేడియానికి వెళ్లొచ్చాడు. ఆ వారమే పాపకి బ్యాటు కొనిచ్చాడు. ‘వాళ్లమ్మగారిది మన బెజవాడే. పైగా ఇప్పుడు డిప్యూటీ కలెక్టరు. మొన్నేగా గొల్లపూడి ఆఫీసులో చేరింది’ అని పనివాళ్లకి చెప్పుకునేవాడు, సొంత మేనకోడలి గురించి చెప్పినట్టు!

ఆ రోజు పాప కూడా షెడ్డుకి వచ్చింది. తొమ్మిదో తరగతి. నాన్న పక్కన స్టూలు మీద కూర్చుంది.

టీ కూడా బయటే!

తొలి గేమ్ 21-19తో ఒకుహరది. షెడ్డులో అంతా మొహాలు వేలాడేశారు. రెండో గేమ్ మొదలైంది. టీలు తేవడానికి వెళ్లిన కుర్రాడు తిరిగొచ్చేసరికి సింధు ఆధిక్యంలో ఉంది. ‘నువ్వు లోపలికి రాకురా, అక్కడే ఉండు’ అన్నాడు మేస్త్రి. పాపం, ఆ కుర్రాడు ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. నవ్వకండి... ఇలాంటి నమ్మకాలు లేని అభిమాని ఏ ఇంట్లో ఉన్నాడు చెప్పండి!

రెండో గేమ్‌లో సింధు 21-20తో ముందుంది. ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచ్ మూడో గేముకి వెళుతుంది. అప్పుడు మొదలైందా ర్యాలీ. ఈ మూల నుంచి ఆ మూలకి, నెట్ దగ్గర్నుంచి వెనక గీత దాకా... షటిల్ కింద పడటం లేదు. పాప వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర లెక్క తప్పింది. మొత్తం 73 షాట్లని తర్వాత తెలిసింది. ఒకే ఒక్క పాయింటు కోసం నిమిషానికి పైగా సాగిన పరుగది. చివరికి పాయింటు సింధుది. గేమ్ 22-20. షెడ్డులో కేకలకి పక్క వీధి వాళ్లు వచ్చి చూశారు. గుమ్మం బయట కుర్రాడి చేతిలో టీ చల్లారిపోయింది.

మూడో గేమ్ కూడా అంతే. ఒకరు రెండడుగులు ముందుకేస్తే రెండోవాళ్లు వచ్చి కలిసేవారు. ఐదడుగుల పదంగుళాలు దాటిన సింధు, ఆమె భుజం ఎత్తుకు కాస్త పైన ఉండే ఒకుహర. ఇద్దరూ 1995లో పుట్టినవాళ్లే. స్కోరు 20-20. అక్కడి నుంచి రెండు పాయింట్లూ ఒకుహరవే. 22-20.

మొత్తం 110 నిమిషాలు. ఎవరూ మాట్లాడలేదు. టీవీ కట్టెయ్యడానికి కూడా ఎవరూ లేవలేదు.

గడియారం లేని ఆట

బాస్కెట్‌బాల్‌లో సమయం ముగిసేసరికి స్కోరు సమానమైతే ఇంకో ఐదు నిమిషాలు ఆడిస్తారు. అప్పటికీ తేలకపోతే మరో ఐదు. 1951లో అమెరికాలో ఇండియానాపొలిస్, రొచెస్టర్ జట్ల మధ్య మ్యాచ్ అలా ఆరుసార్లు పొడిగించాక తేలింది. స్కోరు 75-73. రెండే పాయింట్ల తేడా!

బ్యాడ్మింటన్‌లో గడియారం లేదు. 20-20 అయితే ఎవరో ఒకరు వరసగా రెండు పాయింట్లు తీసుకోవాలి. లేదంటే 29-29 దాకా సాగుతూనే ఉంటుంది. అప్పుడు ముప్ఫయ్యో పాయింటు ఎవరిదైతే గేమ్ వాళ్లది. టైమ్ అయిపోయి గట్టెక్కడం ఈ ఆటలో కుదరదు. చివరి పాయింటు కూడా ఆడి గెలవాల్సిందే, ఆడి ఓడాల్సిందే.

ఆ రాత్రి మేస్త్రి ఓ అట్టముక్క మీద పెన్సిలుతో లెక్క వేశాడు. ఒకుహర మూడు గేముల్లో 21, 20, 22... మొత్తం 63. సింధు 19, 22, 20... మొత్తం 61. గంటా యాభై నిమిషాల పోరాటంలో 124 పాయింట్లు ఆడితే తేడా రెండు!

‘రెండే’ అన్నాడు కూతురికి చూపిస్తూ.

‘అంత ఆడి ఓడిపోతే ఇంకెందుకు నాన్నా ఆడటం?’ అందా పిల్ల. కళ్లలో నీళ్లు.

మేస్త్రి దగ్గర సమాధానం లేదు. అట్టముక్క జేబులో పెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు.

అటకెక్కిన బ్యాటు

మూడు వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు 17న కొరియా ఓపెన్ ఫైనల్లో మళ్లీ వాళ్లిద్దరే ఎదురుపడ్డారు. ఈసారి 22-20, 11-21, 21-18తో సింధు గెలిచింది. షెడ్డులో మిఠాయిలు పంచారు. కానీ ప్రపంచ టైటిల్ వేరు కదా! 2018లో నాన్‌జింగ్‌లో మళ్లీ ఫైనల్ చేరింది సింధు. ఈసారి స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓటమి. ‘ఫైనల్ అంటే చాలు, చేతులెత్తేస్తుంది’ అనే మాట టీకొట్టు దగ్గర కూడా వినిపించింది. ఆ మాట అన్నవాళ్లతో మేస్త్రి కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఆ చలికాలంలోనే పాప ఓ టోర్నీలో ఓడిపోయి ఇంటికొచ్చింది. బూట్లు ఓ మూలకి విసిరేసింది. బ్యాటు అటకెక్కించింది. ‘పదో తరగతి కదా, ఇంక చదువుకుంటాలే’ అంది. తల్లి కూడా ‘మంచిదేగా’ అంది. వారం రోజులు ఇంట్లో ఆ ఊసే లేదు. ఎనిమిదో రోజు రాత్రి భోజనాల దగ్గర మేస్త్రి అడిగాడు.

‘ఎంతకి పోయిందమ్మా?’

‘మూడో గేమ్‌లో. ఇరవై రెండు - ఇరవై.’

మేస్త్రి కంచంలోంచి తలెత్తాడు. చెయ్యి కడుక్కుని వెళ్లి, బీరువాలో నుంచి పాత అట్టముక్క తెచ్చి కూతురి ముందు పెట్టాడు. ‘అయితే మొదటి నుంచీ చెప్పు. ఒక్క పాయింటు కూడా వదలకుండా చెప్పు’ అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. ముందు ముభావంగా మొదలుపెట్టి, తర్వాత లేచి నిలబడి చేతులు ఊపుతూ చెప్పింది. ఎక్కడ షాట్ కొట్టిందో, ఎక్కడ తొందరపడిందో, అవతలి పిల్ల ఏ మూల మోసం చేసిందో... అన్నీ గుర్తున్నాయి. చెప్పడం పూర్తయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. మర్నాడు పొద్దున చూస్తే అటక మీద బ్యాటు లేదు.

ముప్ఫై ఎనిమిది నిమిషాలు

2019 ఆగస్టు 25. మళ్లీ ఆదివారమే. స్విట్జర్లాండులోని బాజెల్‌లో మళ్లీ ప్రపంచ ఫైనల్. మళ్లీ సింధు, ఒకుహర. షెడ్డులో టీవీ ముందు అందరూ ఎవరి పాత చోట్లలో వాళ్లు కూర్చున్నారు. టీ కుర్రాణ్ని ముందు జాగ్రత్తగా గుమ్మం బయటే నిలబెట్టారు. అంత అవసరం లేకపోయింది. 21-7, 21-7. ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో అంతా అయిపోయింది. బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి తొలి ప్రపంచ ఛాంపియన్!

ఆ సాయంత్రం ఆటోనగర్‌లో టపాసులు పేలాయి. మేస్త్రి కూతుర్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా గెంతాడు.

పాప పెద్ద పోటీలేవీ గెలవలేదు. ఇంజినీరింగులో చేరాక కూడా సెలవులకి ఇంటికొస్తే సాయంత్రం ఓ గంట కోర్టులో గడిపేది. అంతే. మేస్త్రి దానికే సంబరపడిపోయేవాడు.

షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇప్పటికీ మధ్యాహ్నం అన్నాలయ్యాక అడుగుతుంటారు. ‘మేస్త్రీ, సింధు బాజెల్‌లో ఎట్టా గెలిచింది?’ అని.

‘ఎట్టా ఏముంది, కుమ్మేసింది’ అంటాడు మేస్త్రి. ఆ మ్యాచ్ గురించి అంతకు మించి చెప్పడు.

‘మరి గ్లాస్గోలో?’

మేస్త్రి వెల్డింగు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడతాడు. జేబులో చెయ్యి పెట్టి చిల్లర తీస్తాడు.

‘అది ఇప్పట్లో అయ్యేది కాదు. ముందు అందరికీ టీలు చెప్పండ్రా!’