హరామ్ అని చెప్పడంతో బాధ్యత తీరుతుందా?

"మనలో తాగేవారు లేరు." మస్జిదు కమిటీ సమావేశాల్లోనూ, పెళ్ళి సంబంధాల మాటల్లోనూ తరచుగా వినిపించే వాక్యమిది. వినడానికి గౌరవంగా ఉంటుంది గాని, నిజం కాదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాల నడుమ, ఆజంజాహి మిల్లు మూతపడిన తరువాత హమాలీ పనికీ ఆటోలకూ మళ్ళిన కుటుంబాల నడుమ, మద్యం ఎవరి మతమూ అడిగి లోపలికి రాలేదు. పొరుగింట్లో అది అందరికీ తెలిసిన బాధ. మన ఇంట్లో తలుపు వేసుకున్న బాధ.

దేశవ్యాప్తంగా ఎయిమ్స్ నిర్వహించగా 2019లో వెలువడిన సర్వే ప్రకారం, మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు సుమారు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. దేశమంతటా పరిస్థితి ఇదైతే, తన పేరు బయటపడితే చెల్లెలి నిఖా ఆగిపోతుందని భయపడే మన యువకుని సంగతి వేరే చెప్పవలెనా?

ఇటువంటివారిని చేరదీస్తే పాపానికి అనుమతి ఇచ్చినట్లు కాదా అని కొందరు పెద్దలు ప్రశ్నిస్తారు. మద్యం హరామ్ అన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. కాని ఆ నిషేధం వచ్చిన తీరును గమనించండి. దివ్య ఖుర్ఆన్‌లో ముందు బఖరా సూరా దాని హానిని తెలిపింది. తరువాత నిసా సూరా మత్తులో నమాజును సమీపించవద్దన్నది. చివరకు మాయిదా సూరా పూర్తిగా నిషేధించింది. అలవాటుపడిన సమాజాన్ని అల్లాహ్ మెట్టు మెట్టుగా నడిపించాడు. మదీనా ప్రజలు ఒక్కొక్కరుగా కాక, ఊరంతా కలిసి మానారు. తాగినందుకు పదేపదే శిక్ష పడిన ఒక వ్యక్తిని ఎవరో శపించబోతే, దైవప్రవక్త (స) వారించి, ఆయన హృదయంలో అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చారని సహీహ్ బుఖారీ చెబుతోంది. ప్రవక్త శపించనివ్వని మనిషిని మన వీధి అరుగుల మీద శపించే అధికారం మనకెవరిచ్చారు?

కలిసి మానడమనే ఆ మార్గాన్నే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనుసరిస్తున్నది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, వారిలో ఒకరు వైద్యుడు, పరస్పరం ఆసరాగా నిలవడంతో అది మొదలైంది. ఆ సమావేశాలకు రుసుము లేదు. ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక తప్ప మరో అర్హత అక్కరలేదు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డుపడరు, ఉపదేశించరు. కొత్తగా వచ్చినవానికి, ముందే మానినవాడొకడు అర్ధరాత్రి ఫోను చేసినా పలికే తోడుగా ఉంటాడు. తాగేవారి కుటుంబీకులకు అల్-అనాన్ అనే వేరే సమావేశాలున్నాయి.

అది అన్యమతస్థుల పద్ధతి కదా అనేవారికి ఒక సమాధానం ఉంది. 1989లో బాల్టిమోర్‌లో ముస్లింలే ఆ పన్నెండు మెట్లను ఇస్లామీయ విశ్వాసానికి అనుగుణంగా మలచుకొని మిల్లతీ ఇస్లామీ అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. అక్కడివారు చేయగలిగినది వరంగల్‌లో మనం చేయలేమా?

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవానిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం ప్రాణాంతకం కావచ్చు. హఠాత్తుగా ఆపితే మూర్ఛలు, మతిభ్రమణం కలిగే ప్రమాదముంది. ముందు వైద్యుని వద్దకు, ఆపైన సమావేశానికి తీసుకువెళ్ళాలి. ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగవచ్చు. 14446, 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇక ప్రభుత్వం మాట. రాజ్యాంగం 47వ అధికరణం మద్య నిషేధానికి కృషి చేయమంటుండగా, ఖజానా మద్యం రాబడి మీద ఆధారపడుతోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యపాన సంబంధిత మానసిక స్థితులను కూడా వ్యాధిగానే పరిగణించింది. మత వివక్ష లేకుండా ప్రభుత్వ చికిత్స పొందే హక్కును, వివరాలు గోప్యంగా ఉంచే హక్కును ఇచ్చింది. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాగా ఒక మాట చెబుతున్నాను: అర్జీ లేని సమస్యకు ఫైలు తెరుచుకోదు. మనలో తాగేవారు లేరని మనమే చెబుతుంటే, కొత్తవాడకు కౌన్సెలర్ కావాలని ఎవరు అడుగుతారు? రిజర్వేషన్ల కోసం, రుణాల కోసం గళమెత్తే మన సంఘాలు ఈ హక్కు దగ్గర ఎందుకు మౌనం వహిస్తున్నాయి?

కాబట్టి బస్తీ దవాఖానాలో వారానికొక రోజు మద్య విముక్తి సలహాదారు ఉండాలని సామూహిక అర్జీ ఇద్దాం. వారానికి ఒక గంట, ఇషా నమాజు తరువాత, ఏదైనా ఒక షాదీఖానా గదిని కోలుకుంటున్నవారి సమావేశానికి ఇవ్వవలసిందిగా కమిటీలను కోరుదాం. తల్లులకు, భార్యలకు పగటిపూట వేరే సమయం కేటాయిద్దాం. ఆ గది తలుపు వద్ద ఎవరు వచ్చారో చూసేందుకు ఎవరూ నిలబడకూడదు. ఇమాములు జుమా ఖుత్బాలో మద్యం హరామ్ అని చెప్పిన వెంటనే, మానదలచినవారు ఏ రోజున, ఎక్కడికి రావాలో కూడా చెప్పాలి.