గీతలు నిండుగా ఉన్నా వేగం నత్తనడకే
టవరు ఒక్కటి చాలదు, వెనుక దారీ కావాలి

పాడేరు: మన్యంలో పలుచోట్ల సెల్ టవర్లు లేచినా ఇంటర్నెట్ వేగం పెరగక గిరిజనులు అవస్థ పడుతున్నారు. ఇది సినిమాలు చూసే ముచ్చట కాదు. ఉపాధి హామీ కూలీల హాజరును ఫోన్‌లో ఫొటో తీసి పంపడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఫొటో వెళ్లకుంటే కూలి డబ్బుకే ఎసరు.

ఫోన్‌లో గీతలు నిండుగా ఉన్నా వేగం ఎందుకు రాదు? గీతలు చూపేది టవరు నుంచి సిగ్నల్ ఎంత బలంగా అందుతోందన్నదే. టవరు సామర్థ్యం చెరువు నీటి వంటిది. ఆయకట్టు పెరిగితే ఒక్కొక్కరి వంతు తగ్గుతుంది. అందుకే అందరూ ఫోన్లు పట్టే సాయంత్రం వేగం పడిపోతుంది. టవరు దాకా ఆప్టికల్ ఫైబర్ తీగ రాకుంటే వెనుక దారి ఇంకా ఇరుకు.

రద్దీ లేని వేళ, ఆరుబయట, టవరుకు కొండ అడ్డులేని చోట నిలబడి పంపితే కొంత మేలు. అంతకుమించి వాడకందారు చేతిలో లేదు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని కేంద్రం 2023 జనవరిలో సెకనుకు 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచింది. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో వేగాన్ని ఉదయం, సాయంత్రం కొలిచి, ఆ అంకెలు రాసి అర్జీ పెడితే ‘సిగ్నల్ ఉంది కదా’ అని తప్పించుకోవడం కంపెనీలకు కష్టమే.