కాల్ పదకొండున్నరకి, ఈత ఐదున్నరకి

గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి సిద్ధమవుతున్నా. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, వెంటనే 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపితే 70.3 మైళ్లు, పేరు అందుకే. ఈ దూరాలకి భయం లేదు. నా గొడవంతా నిద్రతోనే.

అమెరికా క్లయింట్ కాల్ రాత్రి పదకొండున్నరకి అవుతుంది. స్విమ్మింగ్ పూల్ పొద్దున్నే ఐదున్నరకి తెరుస్తారు. మధ్యలో మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి! అందుకే కాల్ ఉన్న రాత్రి అలారం పెట్టను. మర్నాడు ఈత లేదు, అంతే. ‘అన్నా, మళ్లీ డుమ్మానా?’ అని గ్రూపులో కుర్రాళ్లు ఏడిపిస్తారు. ఏడిపించనీ. వ్యాయామంలో అలిసిన కండ కోలుకోవాలంటే నిద్ర కావాలి కదా.

శనివారం మాత్రం వదలను. ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్‌పై మూడు గంటలు తొక్కి, దిగీ దిగగానే పరుగు. దీన్ని ‘బ్రిక్’ అంటారు. మొదటి కిలోమీటరు కాళ్లు నిజంగా ఇటుకలే!

‘జీతమిచ్చేవాళ్లు పరిగెత్తమన్నార్రా?’ అంటుంది అమ్మ. వాళ్లు అనలేదు. గురువారం కాల్‌ని గంట ముందుకి జరపమని మేనేజర్‌ని నేనే అడిగా. మెసేజ్ చూశారు, జవాబు ఇంకా రాలేదు.