కక్కిస్తే పోతుందా విషం?

పురుగుమందు తాగి పొలం గట్టున పడి ఉన్న మనిషి కనబడగానే చాలా ఊళ్లలో జరిగే మొదటి పని అంబులెన్సుకు ఫోన్ చేయడం కాదు, ఉప్పునీళ్లు కలపడం. కొన్నిచోట్ల సబ్బునీళ్లు, కొన్నిచోట్ల చింతపండు పులుసు, ఇంకొన్నిచోట్ల పేడనీళ్లు. ఇద్దరు చేతులు పట్టుకుంటారు, ఒకరు ముక్కు మూస్తారు, ఇంకొకరు చెంబు నోటికి పెడతారు. కక్కాడంటే హమ్మయ్య, కక్కలేదంటే ఇంకో చెంబు. అంతా ప్రేమతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. ప్రేమతో పోశారని ఊపిరితిత్తులు ఊరుకోవు మరి.

విషమంటే కడుపులో కూర్చున్న వస్తువనీ, బయటికి లాగేస్తే మనిషి బతుకుతాడనీ నమ్మకం. దయ్యం గురించి భూతవైద్యుడు చెప్పేదీ ఇంతే కదా: లోపల దూరింది, వెళ్లగొట్టాలి. ఒంట్లో జరిగే సంగతి వేరు. మన పొలాల్లో ఏళ్ల తరబడి వాడుతున్న ఆర్గానోఫాస్ఫేట్ మందులనే తీసుకోండి. నరం నుంచి కండరానికి, గ్రంథులకు కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్. కబురు అందాక దాన్ని తుడిచేసే ఎంజైము ఒకటుంది. ఈ మందులు ఆ ఎంజైమును పట్టేస్తాయి. ఇక కబురు ఆగదు. నోటి నిండా చొంగ, కళ్ల వెంట నీళ్లు, చెమటతో చొక్కా తడిసి ముద్ద, కంటిపాపలు సూదిమొనంత. ఊపిరితిత్తుల్లో ద్రవం చేరి ప్రతి శ్వాసకూ గురగుర. ఊపిరాడక పోతున్న మనిషికి మనం కడుపు వైద్యం చేస్తున్నామన్నమాట.

సగం స్పృహలో ఉన్నవాడి చేత కక్కిస్తే ఆ కక్కిందాంట్లో కొంత శ్వాసనాళంలోకి జారుతుంది. పైగా పురుగుమందు డబ్బాలో మందొక్కటే ఉండదు. దాన్ని కరిగించడానికి కిరసనాయిలు వంటి ద్రావకాలూ కలిపి ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లో పడితే న్యుమోనియా. ఇక ఉప్పునీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి, మూర్ఛలొచ్చి, మింగిన విషంతో కాక ఆ ఉప్పుతోనే చనిపోయినవారి ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇది మన పల్లెల అజ్ఞానమని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. పిల్లలున్న ఇంట్లో కక్కించే ఇపెకాక్ సిరప్ సీసా ఉంచుకోమని దశాబ్దాలపాటు చెప్పిన అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2003లో గాని దాన్ని వద్దనలేదు.

మన ఆసుపత్రులకూ ఈ నమ్మకం వాటా ఉంది. క్యాజువాల్టీ గుమ్మంలో బంధువులు అడిగే మొదటి ప్రశ్న "కడుపు కడిగారా?" అని. కడగకపోతే వైద్యం మొదలుకానట్టే లెక్క. ముక్కులోంచో నోట్లోంచో గొట్టం దించి బకెట్లకొద్దీ నీళ్లు పోసి తీయడం ఒక క్రతువులా సాగుతుంది. కొన్నిచోట్ల అందులో "మళ్లీ ఇలాంటి పని చేస్తావా" అన్న దండన కూడా కలిసి ఉంటుంది. మామూలు పద్ధతిగా కడుపు కడగవద్దని అమెరికా, యూరప్ విషవైద్యుల సంఘాలు 1997లోనే కలిసి చెప్పాయి. తాగిన వెంటనే వచ్చి, శ్వాసమార్గానికి రక్షణ ఉన్న కొద్దిమందికి తప్ప దానివల్ల మేలు కనబడలేదు. ముందు ఊపిరి, తర్వాతే కడుపు అన్నది అత్యవసర వైద్యం మొదటి పాఠం. ఆ పాఠం తెలిసిన డ్యూటీ డాక్టరు కూడా చుట్టూ మూగిన బంధువుల ఒత్తిడికి గొట్టం తీస్తాడు.

పాత నమ్మకాన్ని వదిలించుకోవడం ఎలాగో శ్రీలంకలో చేసి చూపించారు. విషాన్ని పీల్చుకుంటుందని పేరున్న యాక్టివేటెడ్ బొగ్గుపొడి నిజంగా ప్రాణాలు కాపాడుతుందా అని, విషం మింగి వచ్చిన 4,632 మందిని చీటీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఒకసారి, ఒక గుంపుకు పలుమార్లు ఇచ్చారు, ఒక గుంపుకు ఇవ్వలేదు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ సంగతి 2008లో లాన్సెట్ పత్రికలో అచ్చేశారు. తన మందు పనిచేయలేదని అచ్చేసుకున్న మంత్రగాణ్ని నేనింతవరకు చూడలేదు.

విరుగుడును ఇలా పరీక్షకు పెట్టడం కొత్తేమీ కాదు. పదహారో శతాబ్దంలో ఫ్రాన్సు రాజు తొమ్మిదో చార్లెస్ కొలువులో శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే. మేకజాతి జంతువుల పొట్టలో గట్టిపడే బెజోవార్ రాయి సర్వ విషాలకూ విరుగుడని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. పారే నమ్మలేదు. వెండి సామాను దొంగిలించి ఉరిశిక్ష పడ్డ వంటవాడొకడు, బతికితే వదిలేస్తారన్న ఆశతో, విషమూ రాయీ మింగడానికి ఒప్పుకున్నాడు. నరకయాతన పడి కొన్ని గంటల్లో చచ్చిపోయాడు. పరీక్ష అమానుషం, ఈనాడైతే నేరం. అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ సరైనదే. మన గరుడపచ్చనూ, పాముకాటుకు అంటించే నల్లరాయినీ ఆ ప్రశ్న అడిగేవారు ఎంతమంది? పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్న పాము కరిచినా ఒక్కోసారి విషం దింపదు. మంత్రగాడి ఖాతాలో పడేది ఈ అదృష్టమే. నిజంగా విషం ఎక్కినవాడి గురించి "ఆలస్యంగా తెచ్చారు" అంటాడు.

"విషానికి విషమే విరుగుడు" అన్న సామెత ఒకచోట మాత్రం అక్షరాలా నిజం. ఆర్గానోఫాస్ఫేటుకు ఇచ్చే అట్రోపిన్ మన ఉమ్మెత్తకు చుట్టమైన బెల్లడోనా మొక్కలోది. అలాగని పసరు పోస్తే పని కాదు. ఐదేసి నిమిషాలకు ఛాతీ విని, గురగుర తగ్గేదాకా మోతాదు రెట్టిస్తూ పోవాలి. కాస్త ఎక్కువైందా, రోగి గాలిలో లేనివి పట్టుకోబోతాడు, దుప్పటి పీకుతాడు, చనిపోయిన అమ్మమ్మతో మాట్లాడతాడు. అప్పుడు దిండు కిందికి తాయెత్తు, నుదుటికి విభూతి వస్తాయి. డాక్టరు అట్రోపిన్ డ్రిప్ ఆపి, తగ్గించి పెడతాడు. కొన్ని గంటలకు పిచ్చిమాటలు ఆగుతాయి. పేరు తాయెత్తుకు!

ఇంతకంటే ప్రమాదం ఆ తర్వాత ఉంది. కోలుకుని మాట్లాడుతున్న మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఉన్నట్టుండి తల దిండు మీంచి ఎత్తలేకపోతాడు. మెడ కండరాలు, ఆ వెంట ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరల్లియద్దె 1987లో దీన్ని వర్ణించారు. అప్పుడు వెంటిలేటర్ అందితే చాలామంది బతుకుతారు. "బాగయ్యాడు, గండం గడిచింది, మొక్కు తీర్చాలి" అంటూ సంతకం పెట్టి తీసుకుపోయేది సరిగ్గా ఈ రోజుల్లోనే. పారాసెటమాల్ ఎక్కువగా మింగినవాళ్లదీ ఇదే కథ. మొదటి రోజు ఏమీ కాలేదనిపిస్తుంది, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఎనిమిది గంటల్లోపు అసిటైల్‌సిస్టీన్ మొదలుపెడితే దాదాపు అందరినీ కాపాడవచ్చు.

అన్నిటికంటే మొండి నమ్మకం తలరాత. "చావాలనుకున్నవాణ్ని ఎవరాపగలరు, ఈరోజు కాకపోతే రేపు" అంటారు, ఆసుపత్రి వరండాలో కూడా. శ్రీలంక దీనికీ జవాబు చెప్పింది. 1990ల నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చింది. ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది. తలరాతే అయితే డబ్బా మారితే మారకూడదు కదా! ఆ క్షణం చాలామందికి దాటిపోయేదే. దాన్ని దాటిన మనిషికి తర్వాత బతుకుంటుంది.

పోలీసు కేసవుతుందని ప్రైవేటు ఆసుపత్రి తీసుకోదన్న భయంతో మందు పేరు దాచేవాళ్లున్నారు. అత్యవసర వైద్యం ముందు, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని తీవ్ర మానసిక ఒత్తిడిగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత 309 సెక్షను లేదు.

కాబట్టి చదువరులకు మనవి. చెంబు పక్కన పెట్టండి. నోట్లో ఏమీ పోయకండి, వేళ్లు పెట్టి కక్కించకండి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు కడగండి. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బానో మాత్రల అట్టనో వెంట తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టండి. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదంటుంటే, ఆ మాట మీ నోటే వస్తుంటే, టెలీమానస్ సహాయవాణి 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.