ఆకుల లెక్క తప్పని గృహస్థు

పెళ్ళిపనులు చేసి బ్రదుకు వంటవారు, పందిరివారు, సన్నాయిమేళమువారు, పూలవారు, ఫోటోలు తీయువారు నలుగురొకచోట చేరినపుడు ఒకరినొకరు మొదట అడుగు ప్రశ్న పెళ్ళి ఎచ్చట అని కాదు, బేరమెంతకు కుదిరినదని కాదు, "పార్టీ ఎలాంటిది?" అని. వెనుకటి తరమువారు ఇదే ప్రశ్నను "గృహస్థు ఎలాంటివాడు?" అని అడిగెడివారు. మాట మారినను లోనున్న భయము మారలేదు.

ఇప్పుడు నగరములలో వ్యాపారపాఠములు చెప్పువారు బయలుదేరి, పెళ్ళివ్యాపారము చేయు ప్రతివాడును తనకు తగిన ఖాతాదారుడెవ్వడో ముందుగానే నిర్ణయించుకొనవలెనని బోధించుచున్నారు. బోధ సరియైనదే, నేనును దానిని సమర్థింతును. ఐతే ఆ నిర్ణయమునకు వారు చూపు కొలబద్ద, అనగా ఆ కుటుంబపు ఆదాయమెంత, కాపురము ఏ పేటలో, పెళ్ళికి ఎన్ని లక్షలు వెచ్చింపగలరు అనునది, ఈ వృత్తికి పనికివచ్చునది కాదని నా దృఢవిశ్వాసము. పెళ్ళిపని చేయువానికి ఉత్తముడైన గృహస్థు మాట నిలుకడ గలవాడు. ఎంత ధనవంతుడైనను ఆ ఒక్క గుణము కొరవడినవానిని దూరమునుండియే నమస్కరించి పంపివేయుట వృత్తిధర్మము. ఈ మాటను నేను పుస్తకములు చూచి చెప్పుట లేదు. కోనసీమలో పెళ్ళివంటల మేస్త్రియైన మా మేనమామవద్ద 12 ఏండ్లుగా పద్దులు వ్రాయుచున్నాను.

ఈ వృత్తి పంచాంగమునకు కట్టుబడినది. ఆషాఢము, భాద్రపదము, పుష్యము వచ్చినచో పొయ్యి వెలుగదు. గురుశుక్ర మూఢములు వచ్చినచో గుండిగలు బోర్లించి కూర్చుండవలసినదే. మాఘఫాల్గుణములలోను, వైశాఖజ్యేష్ఠములలోను, శ్రావణములోను, కార్తిక మార్గశీర్షములలోను సిద్ధాంతులు ఎంచి ఇచ్చిన కొలది రాత్రులలోనే ఏడాది గ్రాసమును సంపాదించుకొనవలెను. ఆ కొలది రాత్రులలో గూడ ఒకే లగ్నమునకు ఊరూర పెళ్ళిళ్ళే. బట్టల అంగడివానికి నేడు పోయిన బేరము రేపు రావచ్చును. వంటవానికి వైశాఖములో చేజారిన ముహూర్తము తిరిగి రాదు. కనుక చెడ్డ గృహస్థునకు మాట ఇచ్చుటయనగా ఆ రాత్రికి మంచి గృహస్థుని పోగొట్టుకొనుటయే. పైగా ఇది తిరిగి చేయుటకు వీలులేని పని. చొక్కా బిగువైనచో దర్జీ విప్పి కుట్టును. జీలకర్రబెల్లము పెట్టు క్షణమున మేళము మ్రోగకున్నచో ఆ లోపమును దిద్దు ఉపాయము ఎవ్వరి చేతిలోను లేదు.

అన్నిటికంటె ముందు ఆకుల లెక్క. పట్టణములలో ప్లేటుకింత అని బేరమాడుచున్నను, మా ప్రాంతమున ఇప్పటికిని వంటమేస్త్రి అడుగునది "ఎన్ని ఆకులు?" అనియే. రావులపాలెము అరటిసంతకు వ్రాసి పంపు చీటి మొదలుకొని, త్రవ్వవలసిన గాడిపొయ్యి పొడవు, తోడు పెట్టవలసిన పాలు, వడ్డనకు పిలువవలసిన కుర్రవాండ్ర సంఖ్యవరకు సమస్తమును ఆ ఒక్క అంకెమీదనే ఆధారపడియుండును. ఆ అంకెను కొందరు సొమ్ము తగ్గునని తగ్గించి చెప్పుదురు, కొందరు గొప్పకొరకు పెంచి చెప్పుదురు. ఒక ఫాల్గుణమాసమున 500 ఆకులని గట్టిగా చెప్పి బయానా ఇచ్చిన గృహస్థునింట 700 పైచిలుకు ఆకులు లేచినవి. మూడవ బంతి కూర్చుండునప్పటికి పనసపొట్టు కూర అడుగంటినది. దప్పళములో రెండు బిందెల వేడినీరు పోయుట నేను కన్నులార చూచితిని, పోయుచున్నంతసేపు మా మేనమామ తల ఎత్తలేదు. పెరుగునకై ఇద్దరు కుర్రవాండ్రు అర్ధరాత్రి సైకిళ్ళమీద పోయి పాలకేంద్రము తలుపు తట్టిరి. ఆ గృహస్థు పదిమందిలో మేస్త్రిని నానామాటలని, తెల్లవారిన తరువాత ఇవ్వవలసిన సొమ్ములో తరుగు పెట్టెను. లెక్క దాచినవాడు ఆయన. నింద మోసినవాడు వంటవాడు.

గొప్పకొరకు పెంచి చెప్పువారివలన కలుగు కీడు మరియొక విధముగ నుండును. 1500 అని చెప్పినచోట 900 మందియైనను రానందున, వెలుతురు రాకమునుపే ఫంక్షన్ హాలు వెనుక గొయ్యి త్రవ్వి గంగాళములకొలది పులిహోరను, బూరెలను పూడ్చిపెట్టవలసి వచ్చిన రాత్రి ఒకటి నాకు జ్ఞాపకమున్నది. ఆ గోతిలో మన్ను పోసిన కుర్రవాడు తన చెల్లెలికని నాలుగు బూరెలు ఆకులో చుట్టుకొనబోగా వలదని గద్దించినవారును ఆ ఇంటివారే. వారు మాకు పైకము పూర్తిగా ఇచ్చిరి. నగరపు ఉపన్యాసకుని కొలబద్దతో చూచినచో వారు ఆదర్శులే. మా మేనమామ మాత్రము మరల వారి గడప త్రొక్కలేదు.

ఇక అసలు గృహస్థు ఎవ్వరు అను ప్రశ్న తక్కిన వ్యాపారములలో లేనిది, మన పెళ్ళిళ్ళలో మాత్రము తప్పనిది. సొమ్మిచ్చువాడు సాధారణముగా ఆడపిల్ల తండ్రి, ఆజ్ఞాపించువారు మగపెళ్ళివారు, మెప్పింపవలసినది వారి వెంట వచ్చిన మేనత్తలను, బావగార్లను. ఆర్డరు ఇచ్చినది ఒకరు, అర్ధరాత్రి విడిదిలోనుండి కాఫీ చల్లారినదని కేకలువేయునది వేరొకరు, "మా వైపు పెళ్ళిళ్ళలో ఐదు స్వీట్లు ఉంటాయి" అని ముహూర్తమునాటి ఉదయమున వచ్చి చెప్పునది ఇంకొకరు. వరకట్న నిషేధచట్టము 1961లో వచ్చినది గాని, విందు పేరిట ఆడపిల్ల తండ్రిపై పడు ఈ బరువు అలవాటు చాటున నేటికిని సాగుచున్నది. ఆ అదనపు స్వీట్ల లెక్కను చీటిపై వ్రాసికొనుచుండగా ప్రక్కన నిలిచి అవునని తలయూపు తండ్రి ముఖమును చూచినవాడెవ్వడును పెద్ద ఆర్డరు వచ్చినదని సంతోషింపజాలడు. వియ్యమందుకొను రెండు ఇండ్లవారును ముందుగా కూర్చుండి మాటలాడుకొని, మాతో మాటలాడుటకు ఒక్క మనిషిని నియమించిన పెళ్ళిలో పని సగము తగ్గును. ఆ ఒక్క మనిషి పెండ్లికూతురే యైన పెళ్ళి నేను ఒకటి చూచితిని. ఆమె ఉద్యోగము చేసి తన డబ్బుతో తన పెళ్ళి చేసికొన్నది; అంత చక్కగా వంటకములు నిర్ణయించిన పెద్దమనిషి మా పద్దులలో మరియొకరు లేరు.

వేళ పాటించుటను గూర్చి సన్నాయివారు చెప్పవలెను గాని వంటవారి పద్దులు వ్రాయువాడు చెప్పదగదు. ఐనను పొయ్యిదగ్గర నిలుచుండి వినునది ఆ నాదమే కనుక ఒక మాట చెప్పెదను. ప్రకాశము జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ పొందిన షేక్ చిన మౌలానాగారి వంటి మహావిద్వాంసులు పుట్టిన వాద్యమది. ఆ వాద్యము చేతబట్టిన మనిషి నేడు పెళ్ళిమండపము మూలన కూర్చుండి, డీజే పెట్టెల హోరు ఎప్పుడాగునా అని ఎదురుచూచుచుండుట కన్నులార కాంచుచున్నాము. పెండ్లికొడుకు ఊరేగింపు రెండు గంటలు ఆలస్యమగును. ఫోటోల కొరకు వధూవరులను మండపమునుండి లేపి తోటలోనికి తీసికొనిపోవుదురు. పురోహితుడు గడియారము చూచి మంత్రములు కుదించును. తుదకు అడ్డుతెర దించు క్షణమున నలుగురు కెమెరావారు వీపులు త్రిప్పి నిలుచుండగా, "గట్టిమేళం" అని పురోహితుడు చేయు సైగ డోలువానికి కనబడదు. ఒకసారి ఆ సైగ కనబడక, పురోహితుని కేకయైనను వినబడక, తాళి కట్టిన తరువాత మేళము అందుకొన్నది. డోలు వాయించు వృద్ధుడు ఆ రాత్రి భోజనమునకు లేవలేదు. మేమెంత బ్రతిమాలినను, "నా చేతులమీద ఇట్లా ఎప్పుడూ జరగలేదు బాబూ" అని వ్రేళ్ళ తొడుగులు తీసి ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ముహూర్తమునకు విలువ ఇచ్చు గృహస్థుడు ఆ వృద్ధునికి ఇచ్చు సంభావన వేయి తక్కువైనను ఫరవాలేదు.

అమెరికానుండి పదునైదు దినముల సెలవుపై వచ్చి పెళ్ళి చేసికొనిపోవు మన పిల్లలను గూర్చి వృత్తిలో పలువురు విసుగుకొందురు గాని, నా అనుభవమున వారు వేళకు కట్టుబడువారే. వీడియో కాలులో చెప్పిన అంకె తప్పువారు తక్కువ.

మనిషి మాటకు గల బలము కష్టకాలమున గాని తెలియదు. 2020 మార్చి 25న, సరిగా శార్వరి ఉగాదినాడే, దేశమంతయు తలుపులు మూసికొన్నది. వసంతకాలపు ముహూర్తములకని తీసికొన్న బయానాలు అప్పటికే బియ్యముగను, నూనెగను, బెల్లముగను మారి మా కొట్టులో నున్నవి. పెళ్ళికి 50 మందికి మించరాదను కేంద్రప్రభుత్వ నిబంధన మే నెలలో వచ్చునప్పటికి మా పద్దులలో పెళ్ళిళ్ళన్నియు కొట్టివేతలే. ఒక పెద్దయింటివారు వారము తిరుగకమునుపే మనుష్యులను పంపి, బయానా వెంటనే ఇచ్చివేయకున్నచో పోలీసులకు చెప్పుదుమనిరి. ఒక చిన్న కిరాణా అంగడివాడు, కేవలము 20,000 రూపాయలు బయానా ఇచ్చినవాడు, తన కుమార్తె పెళ్ళిని పెరటిలో తాటాకుపందిరి క్రింద 40 మందితో జరిపించి, మా మేనమామను, ఇద్దరు సహాయకులను పిలిచి వండించుకొని, ఆ బయానాను లెక్కలో చేర్చనేలేదు. ఎందుకని అడిగినచో, "మీ కుర్రాళ్ళు ఇన్నాళ్ళూ ఏం తింటున్నారు మేస్త్రిగారూ?" అని ఎదురు ప్రశ్న వేసెను. కొలబద్ద ఏదని నన్నడుగువారికి నేను చూపునది ఈ ప్రశ్న.

"అప్పుచేసి గుండిగలు కొన్న కుర్రవానికి గృహస్థుని ఎంచుకొను యోగ్యత ఎక్కడిది? వచ్చిన బేరము వదులుకొన్నచో వడ్డీ ఎవ్వరు కట్టుదురు?" అని ఎవరైనను అడిగినచో అది న్యాయమైన ప్రశ్న. మొదటి రెండేండ్లు ఎంచుకొనుట కుదరదు. మా మేనమామయును ఎంచుకొనలేదు. కాని అడుగుట కుదురును. బయానా పుచ్చుకొనకమునుపే, ఆకులెన్ని, లెక్క పెరిగినచో అదనపు సొమ్ము ఎంత, చెప్పు పెద్ద ఎవ్వరు, మిగిలిన పైకము ఎప్పుడు అని అడిగి కాగితముపై వ్రాయించుకొన్నచో, మంచివాడు సంతోషించును, చెడ్డవాడు తనంతట తానే లేచిపోవును. అడుగకుండ అన్నిటికిని తలయూపి, ఒకే రాత్రికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకొని, రెండవదానికి దారినపోవు కూలీలను పంపు వ్యాపారికి గృహస్థులలో తప్పులెంచు అధికారము లేదు. ఎంచుకొనుటయనగా పేదలను త్రోసిపుచ్చుట అనుకొనువారును కలరు. మా పద్దులలో ఏండ్లతరబడి బాకీలుగ నిలిచినవి చాలవరకు పెద్ద పెళ్ళిళ్ళవే. పెంకుటిండ్ల పెళ్ళిళ్ళ పైకము అప్పగింతలనాడే చేతిలో పడినది.

నా మనస్సులో నిలిచిన గృహస్థు ఒక పదవీవిరమణ చేసిన బడిపంతులు. పెద్దకుమార్తె పెళ్ళికి ఆయన మా ఇంటికి వచ్చినపుడు చంకలో ఒక పొడవాటి నోటుపుస్తకము పెట్టుకొనివచ్చెను. అందులో చేతితో గీతలు గీసి, ఊరివారీగా పేర్లు వ్రాసి, తప్పక వచ్చువారి పేరుకెదురుగ ఒక గీటును, సందేహముగల వారికెదురుగ ఒక చుక్కను పెట్టెను. చివరి పుటలో చిట్టచివరి వరుస: "వంటవారు, మేళమువారు, పురోహితుడు, డ్రైవర్లు: 31." మొత్తము 342. పెళ్ళినాడు లేచిన ఆకులు 336; మిగిలిన ఆకులను నేనే లెక్కించితిని. తెల్లవారుజామున అప్పగింతలు ముగిసి, కన్నులు ఇంకను తడిగా నుండగానే ఆయన పెరటిలోనికి వచ్చి, ఆరిన గాడిపొయ్యి ప్రక్కన పీటమీద కూర్చుండి, పైకము లెక్కపెట్టి ఇచ్చి, మా కుర్రవాండ్రు తినిరా అని అడిగి లోనికిపోయెను.

రెండేండ్ల తరువాత ఆయన మరల వచ్చెను. సిద్ధాంతి మూడు ముహూర్తములు వ్రాసి ఇచ్చిన చీటి చేతనున్నది; దానిని ఇంకను మగపెళ్ళివారికి చూపలేదు.

"మేస్త్రిగారూ, ఈ మూడింటిలో మీకు ఏది ఖాళీయో చెప్పండి. అదే ఖాయం చేయిస్తాను."

మా మేనమామ కళ్ళజోడు పెట్టుకొని, చీటిని వెలుతురునకు పట్టి, చాలసేపు చూచి, మాఘమాసపు తేదీమీద వ్రేలుంచెను. "ఇది పెట్టించండి మాస్టారూ. ఆ రోజుకి ఇంకెవరికీ మాటివ్వను." ఆ తేదీకే రాజమహేంద్రవరమునుండి 2000 ఆకుల పెళ్ళివారు బయానా తెచ్చెదమని కబురంపియుండిరి. మరునాడు ఉదయమే వీలుపడదని వారికి ఫోను చేసితిమి.