బోధ్‌ఘాట్: ముందు ఊళ్ల మాట వినండి

ఇంద్రావతి మీద బోధ్‌ఘాట్ ఆనకట్ట కట్టాలన్న ఆలోచన మళ్లీ కదిలింది. 2025లో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి ప్రధానమంత్రిని కలిసి, దీన్నీ ఇంద్రావతి–మహానది అనుసంధానాన్నీ జాతీయ ప్రాజెక్టులుగా చేపట్టాలని కోరారు. రెండింటికీ కలిపి అంచనా సుమారు 49 వేల కోట్ల రూపాయలు. అందులో బోధ్‌ఘాట్‌కే 29 వేల కోట్లు. దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాల్లో 3.78 లక్షల హెక్టార్లకు సాగునీరు, 125 మెగావాట్ల విద్యుత్తు వస్తాయంటున్నారు. మునిగేది 13,783 హెక్టార్లు, అంటే 34 వేల ఎకరాలు. అందులో 5,704 హెక్టార్లు అడవి. 42 ఊళ్లు ముంపు జాబితాలో ఉన్నాయి. ఇవన్నీ సర్కారు చెప్పిన లెక్కలే.

నేను గీదంలో చింతపండు, ఇప్పపువ్వు కొని అమ్మే వ్యాపారిని. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేస్తున్న రోజుల్లో మా నాన్న సాలూరు నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టారు. ఈ ఊరి నుంచి ఒక దారి జగదల్‌పూర్‌కు పోతుంది, ఒకటి దంతెవాడ, కిరండూల్ వైపు, ఒకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా తెలంగాణలోకి. ఉత్తరాన బార్సూరు దారి. ఆనకట్ట కడతామంటున్నది ఆ వైపే. మా కొట్టుకు వచ్చే సరుకులో మంచి భాగం కూడా ఆ దారినే వస్తుంది.

మాఘం వెళ్లేసరికి చింతపండు మొదలవుతుంది. గింజతో తెస్తే ఒక ధర, గింజ తీసి పూలచింతపండు చేసి తెస్తే ఇంకో ధర. ఆ వెనకే ఇప్పపువ్వు, మే నెలలో తునికాకు, తొలకరికి ముందు గుగ్గిలం గింజలు. ఒక్కో ఇల్లు ఒక్కో చెట్టును తరతరాలుగా చూసుకుంటుంది. ఏ చెట్టు ఎవరిదో కాగితం మీద ఉండదు, కానీ ఊళ్లో అందరికీ తెలుసు. ముచ్‌నార్ వైపు నుంచి సరుకు తెచ్చే ఒక పెద్దావిడ మొన్న తూకం అయ్యాక నన్ను అడిగింది: "సేట్, నీళ్లు ఎందాకా వస్తాయట? మా చింతచెట్ల దాకా వస్తాయా?" నేను జవాబు చెప్పలేకపోయాను. పర్యావరణ సమీక్ష అనేది ఉన్నదే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి. ఆ జవాబు ఆమెకు అందకముందే వేల కోట్ల ప్రకటనలు వచ్చేస్తున్నాయి. నా అభ్యంతరం అక్కడే.

ప్రాజెక్టు ఇన్నేళ్లు ఆగిపోవడానికి మావోయిస్టులే కారణమని ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. చరిత్ర అంత సులువుగా లేదు. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాదే అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1984లో ప్రపంచ బ్యాంకు అప్పు మంజూరు చేసింది. ఆపైన అడవి మీద, ఆదివాసుల పునరావాసం మీద ప్రశ్నలు లేచాయి, పని ఆగింది, ఆ అప్పూ రద్దయింది. అంటే ఈ అడవిని ముంచడం సబబేనా అన్న ప్రశ్నకు ఆనాడే సరైన జవాబు దొరకలేదు. తుపాకుల చప్పుడు తగ్గినంత మాత్రాన ఆ ప్రశ్న మాసిపోదు. నిజానికి శాంతి వచ్చిందంటే భయం లేకుండా గ్రామసభ పెట్టే అవకాశం ఇప్పుడే వచ్చింది. దాన్ని సర్వే గొలుసులు లాగడానికి మాత్రమే వాడుకుంటే ఆ శాంతికి అర్థమేముంది?

మునిగిన అడవికి బదులు వేరేచోట మొక్కలు నాటుతామంటారు. గుగ్గిలం చెట్టును, అంటే సాల వృక్షాన్ని, ఎరిగినవాళ్లు ఈ మాట తేలిగ్గా అనరు. దాని గింజ తొలకరి వేళ రాలుతుంది. వారం పది రోజుల్లో మొలకెత్తకపోతే ఇక మొలకెత్తదు. నర్సరీలో పెంచి తెచ్చి నాటితే బతకడం కష్టం. బస్తర్‌లో ఒకసారి ఈ ప్రయోగం జరిగింది కూడా. 1970లలో ప్రపంచ బ్యాంకు సాయంతో ఇక్కడి సాల అడవిని కొట్టి, కాగితపు గుజ్జు కోసం పైన్ చెట్లు పెంచాలనుకున్నారు. ఆదివాసులు ఎదురుతిరిగారు. చివరికి ఆ పథకాన్ని మానుకున్నారు. చెట్టుకు చెట్టు లెక్క సరిపోతే అడవి లెక్క సరిపోతుందనుకున్న పొరపాటును బస్తర్ యాభై ఏళ్ల కిందటే చూసింది.

చట్టంలో దారి లేకపోలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం నివేదిక ముసాయిదా తయారు కావాలి, దాని సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి బహిరంగ విచారణ జరపాలి. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం సామూహిక అడవి మీద ఊరికి హక్కు ఇచ్చింది. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారం ఇచ్చే పెసా చట్టం 1996 నుంచీ ఉంది, దానికి ఛత్తీస్‌గఢ్ 2022లో నియమాలు చేసింది. ఒడిశాలోని నియమగిరి బాక్సైట్ గని కేసులో 2013లో సుప్రీంకోర్టు విషయాన్ని గ్రామసభలకే వదిలింది. పన్నెండు గ్రామసభలూ గని వద్దన్నాయి.

కానీ కాగితం మీద గ్రామసభ ఎలా ఉంటుందో దంతెవాడకు తెలుసు. బైలాడీలా 13వ ఇనుప ఖనిజ నిక్షేపం కోసం 2014లో హిరోలీలో గ్రామసభ జరిగినట్టు రికార్డు చూపారు. అది బూటకమని, తమ దేవుడు నందరాజు కొండను తవ్వవద్దని 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు కిరండూల్ చేరి రోజుల తరబడి కూర్చున్నారు. ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. అప్పటికే కొండ మీద చెట్లు నేలకూలాయి. సమీక్ష ఆలస్యమైతే న్యాయం గెలిచినా అడవి ఓడిపోతుంది.

ఇది బస్తర్ గొడవ, మనకెందుకని తెలుగు పాఠకులు అనుకోకూడదు. ఇంద్రావతి గోదావరి ఉపనది. గోదావరి–కావేరి అనుసంధానం పేరుతో ఇచ్చంపల్లి దగ్గర నుంచి మళ్లించాలనుకున్న 148 టీఎంసీలు ఇంద్రావతిలో ఛత్తీస్‌గఢ్ వాడుకోని వాటా అని కేంద్రం లెక్క వేసింది. ఆ నీరు మాదేనని ఛత్తీస్‌గఢ్ అడ్డు చెబుతోంది. బోధ్‌ఘాట్ మీద తొందరకు ఇదీ ఒక కారణం. పైన, కింద, అందరూ ఒకే నీటిని పంచేసుకుంటున్నారు. నది తనకోసం ఎంత ఉంచుకోవాలో ఎవరూ అడగడం లేదు. చిత్రకూట్ జలపాతం వేసవిలో చిక్కిపోవడం ఇక్కడివాళ్లం చూస్తూనే ఉన్నాం. ఆనకట్టకు దిగువన బీజాపూర్ జిల్లాలో ఇంద్రావతి పులుల అభయారణ్యం ఉంది, అడవి గేదెలకు పేరున్న చోటు అది.

పోలవరం అనుభవం కూడా మనదే. 2005 అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణ ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే జరిగింది, ఆ నెలలోనే పర్యావరణ అనుమతి వచ్చేసింది. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో మునిగే ఊళ్ల మాట వినలేదని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2007 డిసెంబరులో ఆ అనుమతిని కొట్టేసింది. ఆ ఉత్తర్వును హైకోర్టు నిలిపివేసింది, పని సాగింది, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పోలవరం ముంపు భయమున్న తన కోంటా ప్రజల మాట వినాలని ఆనాడు అడిగిన ఛత్తీస్‌గఢ్ ఇప్పుడు బార్సూరు ప్రజల విషయంలో అంతకన్నా తక్కువ చేయడానికి వీల్లేదు. కోంటా వాళ్లను అడగని తెలుగువాళ్లం కూడా ఇప్పుడు నోరు విప్పాలి.

సాగునీరు వద్దనడం లేదు. వానమీదే ఆధారపడ్డ వరి ఎండిపోతే అప్పు కోసం రైతులు మా కొట్టు దగ్గరికే వస్తారు. బార్సూరుకు నీటి విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1060 నాటి అక్కడి తెలుగు శాసనం చంద్రాదిత్యుడు చెరువు తవ్వించాడని చెబుతుంది. చెరువులతో, చిన్న ఎత్తిపోతలతో ఎంత భూమి తడుస్తుందో ముందు తేల్చాలి. కొండలు, అడవులు నిండిన మూడు జిల్లాల్లో ఆ 3.78 లక్షల హెక్టార్లు ఏ ఊళ్లలో ఉన్నాయో పటం వేసి చూపించాలి.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. నివేదికను హిందీలో అచ్చువేసి ఊరుకోకుండా గోండీలో, హల్బీలో ఊరూరా చదివి వినిపించండి. ముంపు గీతను ప్రతి ఊళ్లో రాళ్లు పాతి చూపండి. చింత, ఇప్ప, తునికి మీద ఒక్కో ఇంటికి ఏడాదికి ఎంత వస్తుందో నష్టం లెక్కలో చేర్చండి. ఒడిశాలో పుట్టి గోదావరిలో కలిసేదాకా నది మొత్తానికీ కలిపి ప్రభావం లెక్కకట్టండి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను కూడా ఆ చర్చలో కూర్చోబెట్టండి. సామూహిక అటవీ హక్కుల పత్రాలు ముందుగా ఇచ్చి, ఆ తర్వాతే గ్రామసభ పెట్టండి. ఆ సభ వద్దంటే ఆ మాటకు కట్టుబడండి. ఇవన్నీ జరిగేదాకా టెండరు పిలవకూడదు, ఒక్క చెట్టు మీద గొడ్డలి పడకూడదు. నలభై ఏళ్లకు పైగా ఆగిన ప్రాజెక్టు, ఈ పని సవ్యంగా ముగిసేదాకా ఆగగలదు.